డ్రోన్ల కాలంలో ట్యాంకుకు 130, 140 ఎంఎం గన్ అవసరమా?

కొత్త తరం ట్యాంకులకు అంత పెద్ద గన్లు ఎందుకు పెడుతున్నారని మీరు అడిగారు. నేను ఆర్మీలో టి-72 ట్యాంకు గన్నర్‌గా పనిచేశాను, రిటైరయ్యాక గాజువాకలో ఉంటున్నాను. నన్నడిగితే గన్ సైజు కన్నా ముందు రెండు సంగతులు చూడాలి: రౌండ్లు (గన్‌లో పెట్టి పేల్చే మందుగుండు) ఎక్కడ పెట్టారు, మనుషులు ఎక్కడ కూర్చున్నారు.

కవచాలు గట్టిపడే కొద్దీ గన్లు పెరుగుతూ వచ్చాయి. మన ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ దగ్గరున్న పాత ట్యాంకు టి-55 గన్ 100 ఎంఎం (గొట్టం లోపలి వెడల్పు), బండి బరువు 36 టన్నులు. మన దేశపు ట్యాంకు అర్జున్ మార్క్-1ఏకి వచ్చేసరికి గన్ 120 ఎంఎం, బరువు 68 టన్నులు. జర్మన్ కంపెనీ రైన్‌మెటల్ 2022లో చూపించిన పాంథర్ ట్యాంకుకి 130 ఎంఎం. ఫ్రాన్స్‌లో 140 కూడా పరీక్షిస్తున్నారు. అయితే రౌండు లావైతే లోపల పట్టేవి తగ్గిపోతాయి. పాంథర్ ఆటోలోడర్‌లో, అంటే రౌండ్లను దానంతటదే గన్‌లో పెట్టే యంత్రంలో, పట్టేది 20. అంత బరువైన రౌండ్లను కదిలే బండిలో మనిషి చేత్తో ఎత్తి పెట్టడం కష్టం, కాబట్టి ఆటోలోడర్ తప్పదు.

ఆటోలోడర్‌తో నేను ఏళ్ల తరబడి పనిచేశాను. టి-72లో ముగ్గురమే. గన్‌కి ఎడమవైపు నేను, కుడివైపు కమాండర్, ముందు కింద డ్రైవర్. ఫైర్ చేశాక గన్ తనంతట తానే లోడింగ్ కోణానికి వెళ్లి ఆగుతుంది. కాళ్ల కింద రౌండ్లు పేర్చిన గుండ్రటి పళ్లెం, కరౌసెల్, గర్రుమని తిరుగుతుంది. టరెట్ (గన్ ఉండే, తిరిగే పై భాగం) వెనక చిన్న తలుపు తెరుచుకుని, కాలిపోయిన ఛార్జ్ (గుండును తోసే మందు) తాలూకు ఇనుప అడుగు బయటికి ఎగిరిపడుతుంది. ముందు గుండు, దాని వెనక ఛార్జ్ లోపలికి దూరతాయి. కొన్ని సెకన్లలో మళ్లీ రెడీ. రాజస్థాన్ ఎండలో, పొగ వాసన మధ్య ఆ యంత్రం పనితీరు చూస్తే ముచ్చటేసేది.

కానీ ఆ కరౌసెల్‌లోని 22 రౌండ్లూ మా సీట్ల కిందే. మధ్యలో గోడంటూ లేదు. ఉక్రెయిన్‌లో టరెట్లు గాల్లోకి ఎగిరిన వీడియోలు మీరు చూసే ఉంటారు, అసలు కారణం ఇదే. ఆ వీడియోలు నేను చివరిదాకా చూడలేను. ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి.

అమెరికా ట్యాంకు అబ్రామ్స్‌లో రౌండ్లు ఎక్కువ భాగం టరెట్ వెనక అరలో, తలుపు అవతల ఉంటాయి. అంటుకుంటే పైన పలకలు ఊడిపోయి మంట ఆకాశంలోకి పోతుంది. రష్యా 2015 పరేడ్‌లో చూపించిన అర్మాటా ట్యాంకులో టరెట్‌లో మనిషే ఉండడు, ముగ్గురూ ముందు వేరే గదిలో ఉంటారు. నా దృష్టిలో కొత్త తరం అంటే ఇదీ.

గన్ పెంచడమే దారి కాదనడానికి మన తేలికపాటి ట్యాంకు జొరావరే ఉంది. 2020 తర్వాత లద్దాఖ్ కోసమని 25 టన్నుల బండి మీద 105 ఎంఎం గన్‌తో తెచ్చారు. ఆ ఎత్తులో, ఆ దారుల్లో తేలికగా కదలడం ముఖ్యం.

టి-72ల స్థానంలో రావాల్సిన కొత్త ట్యాంకు ఎఫ్‌ఆర్‌సీవీకి 2024 సెప్టెంబర్‌లో రక్షణ కొనుగోళ్ల మండలి మొదటి ఆమోదం ఇచ్చింది. దాని డిజైన్ బయటికొచ్చినప్పుడు క్రూకీ రౌండ్లకీ మధ్య గోడ ఉందా, పైకప్పు మీద పడే డ్రోన్‌ను ఏది ఆపుతుంది అన్నది ముందు చూడండి. మీరు మెకానికల్ చదువుతున్నానన్నారు కాబట్టి చెన్నై దగ్గర ఆవడిలో అర్జున్‌ను డిజైన్ చేసిన డీఆర్‌డీఓ ల్యాబ్ సీవీఆర్‌డీఈ ఉంది, అక్కడ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో కనుక్కోండి.