పాటకీ పాటకీ మధ్య పిండి బస్తా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో నాక్స్‌విల్‌లో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు గాయని డాలీ పార్టన్ పేరు మీదున్న డాలీవుడ్ అనే వినోద పార్కు చూపించింది. ఆవిడ పదేళ్ల వయసులోనే టీవీలో పాడిందట, ఆ ప్రోగ్రాం నడిపింది కిరాణా కొట్టాయనట! కొట్టు నడుపుకునే మనిషికి టీవీతో పనేమిటండీ? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండీ. ఆయన పేరు కాస్ వాకర్. నాక్స్‌విల్‌లో వరసగా కిరాణా షాపులు పెట్టినవాడు, కొన్నాళ్లు మేయరు కూడా. మహా గడుసు మనిషి. జనాన్ని రప్పించడానికి షాపు పైకప్పు మీంచి బతికున్న కోళ్లని కిందకి విసిరించేవాడు. 1956లో నగర కౌన్సిల్ సమావేశంలో తోటి సభ్యుడి మీదకి పిడికిలి బిగించి వెళితే ఆ ఫొటో లైఫ్ పత్రికలో పడింది. అలాంటివాడు టీవీని వదులుతాడా?

అసలు సంగతి స్టేషన్ల దగ్గరుంది. 1948లో అమెరికా ప్రభుత్వం కొత్త టీవీ లైసెన్సులు ఆపేసి మళ్లీ 1952లో గానీ ఇవ్వలేదు. సిన్సినాటి లాంటి పెద్ద ఊళ్లో 1948 నాటికే మిడ్‌వెస్టర్న్ హేరైడ్ అనే కంట్రీ పాటల (అంటే అక్కడి పల్లె బాణీ పాటల) ప్రోగ్రాం టీవీకెక్కింది గానీ, నాక్స్‌విల్‌కి టీవీ వచ్చిందే 1953లో. స్టేషనైతే పెట్టారు, రోజంతా ఏం చూపించాలి? సినిమా తారలని పిలిచే స్తోమత లేదు. చుట్టుపక్కల కొండ ఊళ్లలో మాత్రం ఫిడేలు, బాంజో వాయించేవాళ్లకి కొదవ లేదు, పైగా వాళ్లు రేడియోలో అప్పటికే తెలిసిన గొంతులు. ఖర్చు కిరాణా కొట్టువాళ్లూ పిండి కంపెనీలూ మందుల కంపెనీలూ పెట్టుకునేవి. అందరికీ గిట్టుబాటే.

డాలీని కాస్ వాకర్ షోకి తీసుకెళ్లింది వాళ్ల మావయ్య బిల్ ఓవెన్స్. తను టీవీలో పాడే నాటికి తమ ఇంట్లో టీవీయే లేదని ఆవిడే చెప్పుకుంది. 1964లో హైస్కూలు అవగానే కంట్రీ పాటలకి కేంద్రమైన నాష్‌విల్‌కి బస్సెక్కింది. 1967లో గాయకుడు పోర్టర్ వాగనర్ తన టీవీ షోలోకి తీసుకున్నాడు, ఆ షోకి డబ్బు పెట్టింది మందుల కంపెనీ. ఈ పోర్టర్ కూడా అలా పైకొచ్చినవాడే, మిస్సోరీలో మాంసం కొట్లో పనిచేస్తూ ఆ కొట్లోంచే రేడియోలో పాడాడు. ఈ పాటల చరిత్ర రాసేవాళ్లు కొండలూ ప్రేమలూ అంటూ తెగ రాస్తారు గానీ, నన్నడిగితే సగం చరిత్ర కొట్ల ఖాతా పుస్తకాల్లో ఉంటుంది.

ప్రశ్న: మరి పాడేవాళ్లకి ఏం మిగిలేది? (అదే పాఠకురాలు)

జవాబు: టీవీ డబ్బు కన్నా టీవీ ఇచ్చే ప్రచారమే వాళ్లకి ముఖ్యం. రెండు పాటలు పాడి, ఫలానా ఊరి స్కూలు హాల్లో శుక్రవారం పాడుతున్నాం రండి అని చెప్పేసేవాళ్లు, టికెట్ల మీద సంపాదన. లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ అనే కంట్రీ పాటల జంట కథ వింటే ఒళ్లు నొప్పులు పుడతాయి. 1955 నుంచి మార్తా వైట్ పిండి కంపెనీ తరఫున టీవీ షోలు చేశారు. వీడియోటేపు ఇంకా లేదు కాబట్టి ఒకసారి పాడింది ఇంకో ఊళ్లో వేయడానికి కుదరదు, అందుకని వారం పొడుగునా ఊరూరా కారేసుకుని తిరిగి, ప్రతి స్టేషన్‌లోనూ లైవ్‌లో అదే షో, శనివారానికి మళ్లీ నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న రేడియో పాటల కచేరీ. మధ్యమధ్యలో పిండి ప్రకటన కూడా వాళ్లే పాడాలి. ఆ ప్రకటన ఎంత పాకిపోయిందంటే, 1962లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడుతుంటే జనం ఆ పిండి పాటే కావాలని అరిచారు. వాళ్లు పాడారు కూడా!

ప్రశ్న: మన దూరదర్శన్ జానపదాల్లాంటివేనా ఇవి? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: పల్లె పాట వరకూ పోలిక సరే. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, సర్కారువారి సంస్థ. అమెరికా చిన్న ఊళ్లలో మాత్రం షాపు ఓనరుకి నచ్చితే చాలు, సరుకు అమ్ముడుపోకపోతే రేపణ్ణించి రావద్దంటాడు. ఏది మేలంటారా? కళాకారుడికి సర్కారు పద్ధతే నయం అంటాను, కానీ పదేళ్ల పిల్లకి అంత తొందరగా తలుపు తెరిచింది మాత్రం కొట్టాయనే.

ప్రశ్న: పాతవి ఇప్పుడు చూడొచ్చా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: చాలావరకు పోయాయి. లైవ్‌లో వెళ్లింది గాల్లో కలిసినట్టే. దాచాలంటే టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీయాలి, దాన్నే కైనెస్కోప్ అనేవాళ్లు. 1956లో ఆంపెక్స్ కంపెనీ వీడియోటేపు వచ్చింది, అయితే ఒక్క రీలే సుమారు 300 డాలర్లు, అందుకని చిన్న స్టేషన్లు దాని మీదే చెరిపి మళ్లీ మళ్లీ రికార్డు చేసేవి. ఫ్లాట్, స్క్రగ్స్ షోలు కొన్ని బతికాయి, నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం పూనుకోవడంతో డీవీడీలుగా వచ్చాయి. మొదటి ప్రశ్న అడిగిన రాజమండ్రి పాఠకురాలు మళ్లీ నాక్స్‌విల్ వెళ్తే అక్కడి కౌంటీ లైబ్రరీవాళ్ల పాత ఫిల్ముల విభాగంలో కాస్ వాకర్ షో ముక్కలు అడగండి.