నీ దొంగ బాగున్నాడు, సొత్తు పోయినవాళ్లేరీ?

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ నవలలో నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. ఆ రేవుపట్నం బాగుంది. రాత్రిపూట ఓడలకు దీపాలు మోసుకొచ్చే పక్షులు ఇంకా బాగున్నాయి. చిక్కల్లా నీ పదిహేడేళ్ల దొంగతోనే. అందగాడన్నావు, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందన్నావు, కాపలావాళ్లతో కూడా చమత్కారాలాడతాడన్నావు. అయినా వాడి మీద నాకు ఇష్టం కలగలేదు. ఎందుకా అని వెనక్కి తిప్పి చూశాను. వాడు సంచులు కోస్తున్నాడు, పెట్టెలు తెరుస్తున్నాడు, మేడలెక్కి దిగుతున్నాడు. సొత్తు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ ‘లావుపాటి వర్తకులే’, అందరూ చెడ్డవాళ్లే, పేజీ తిప్పగానే మాయం.

పోతన దశమస్కంధం మళ్లీ ఒకసారి తీయి. వెన్నదొంగను మించిన ముద్దుల దొంగ మనకెవరున్నారు? అక్కడ దొంగతనాలు చాలామటుకు మన కళ్లముందు జరగవు. గోపికలు యశోద దగ్గరికొచ్చి మొరపెట్టుకుంటుంటే వింటాం. కాచిన పాలు పిల్లలకు పోసేసి కడవలు పగలగొట్టాడని ఒకావిడ. పిల్లలకు పాలు లేవని బాలింతలు మొత్తుకుంటుంటే పకపకా నవ్వుతూ లేగల్ని ఆవుల మీదికి వదిలాడని ఇంకొకావిడ. పెరుగు తాగి కోడలి మూతికి కాస్త పూసి పోతే, కోడలే దొంగ అనుకుని అత్త కొట్టిందట. ఆ కోడలికి దెబ్బలు పడ్డాయి, గుర్తుంచుకో. ఊరు వదిలి పోతామని బెదిరించేదాకా వచ్చిన ఆడవాళ్ల మాటల్లోనే మనకు వాడి మీద మోజు పుడుతుంది. రచయిత ‘ముద్దొచ్చాడు’ అంటే మనం నమ్మం. నష్టపోయిన మనిషి తిడుతూ తిడుతూ మధ్యలో నవ్వాపుకోలేకపోతే నమ్ముతాం.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకాన్నయితే దగ్గర పెట్టుకో. శర్విలకుడనే దొంగ, ఆస్తంతా పోయి చితికిపోయిన చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే రాత్రి అది. కొలతాడు మరిచిపోయి వస్తాడు, జంధ్యంతో గోడ కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో వేద్దామా అని పద్మమనీ, బాలచంద్రుడనీ, స్వస్తికమనీ లెక్కవేసుకుని, కాల్చిన ఇటుక గోడ గనక పూర్ణకుంభం ఖాయం చేస్తాడు. తెల్లారి ఊరంతా చూసి మెచ్చుకోవాలని ఆశ! ఒంటరిగా చీకట్లో ఉన్నా ఎవరో చూసి శెభాష్ అనాలన్న ఆ గీర చూశావా, పడుచుదనమంటే అదీ. నీవాడికి సొట్టబుగ్గ తీసేసి ఈ గీర ఇయ్యి. పట్టుబడేది కూడా దానివల్లే అయితే మరీ మంచిది.

లోపలికి వెళ్లి చూస్తే మృదంగాలూ వీణలూ పుస్తకాలూ తప్ప ఏమీ ఉండదు. సాటి పేదవాణ్ణి పీడించడం తగదని తిరిగి పోబోతాడు. అప్పుడు చారుదత్తుడి నేస్తం మైత్రేయుడు నిద్రలో పలవరిస్తూ ఒట్టేసి మరీ నగల మూట చేతిలో పెడతాడు. ఇక్కడికి నవ్వు. ఆ తరవాతే అసలు పని మొదలవుతుంది. చారుదత్తుడు లేచి కన్నం చూసి ఎంత చక్కగా ఉందో అంటాడు, దొంగ ఉత్తచేతుల్తో పోలేదని తెలిసి సంతోషిస్తాడు. ఆ నగలు వేశ్య వసంతసేన దాచమని ఇచ్చినవని గుర్తు చేసేసరికి కుప్పకూలిపోతాడు. పేదవాడు దొంగ ఎత్తుకెళ్లాడంటే ఎవరు నమ్ముతారు? భార్య ధూత పుట్టింటివారిచ్చిన రత్నాలహారం తీసి ఇస్తుంది. అవతల శర్విలకుడేమో ఆ నగలతో తన ప్రియురాలు మదనికను దాస్యం నుంచి విడిపించుకుందామని పోతాడు. ఆమె గుర్తుపడుతుంది, అవి తన యజమానురాలు వసంతసేనవే. ఆమె భయమల్లా ఆ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిందేమోననే. చూడు, ఒక్క మూట ఎంతమంది చేతుల్లోంచి పోయిందో. నీ కుర్రాడు మొదటి అధ్యాయంలో కాజేసిన నీలపు ఉంగరం మళ్లీ కనబడనే లేదు. అదెవరిది? వాళ్లు అది ఎవరికి చూపించాల్సి ఉంది?

మాయలూ మంత్రాలూ నీకు ఇష్టమని తెలుసు, నాకూ ఇష్టమే. శర్విలకుడికి కూడా ఒక లేపనం ఉంది, ఒంటికి రాసుకుంటే కాపలావాళ్ల కంటికి కనబడడు. అంతటి లేపనం ఉన్నవాడు తలుపు కిర్రుమంటుందని నీళ్లు తెచ్చి చిలకరిస్తాడు. దండి దశకుమారచరిత్రలో అపహారవర్మ అనే దొంగ సరంజామా కూడా అలాంటిదే (13వ శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు, నీకు తెలుగులోనే దొరుకుతుంది). మంత్రపు పొడి పక్కనే కొలతాడు, మోకు, ఎండ్రకాయ కొక్కెం, లోపల మనుషులు మెలకువగా ఉన్నారో లేదో చూడ్డానికి ముందు దూర్చే చెక్కతల, దీపం ఆర్పడానికి వదిలే పురుగుల డబ్బీ. నీవాడు వేలు చూపిస్తే తాళం ఊడిపోతోంది. అలాగైతే వాడికి చెమట ఎక్కడ పడుతుంది?

అపహారవర్మ దోచేది పిసినారుల్నే. ఆ వెసులుబాటు నువ్వు తీసుకోకు. ఉన్నవాణ్ణి కొట్టి లేనివాడికి పెట్టే దొంగను మన జనం తెర మీద బోలెడంతమందిని చూశారు. ఒక్కసారైనా వాడి చేత చేయకూడని దొంగతనం చేయించు. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ ఉన్నాడు కదా. అక్క వచ్చి బుద్ధులు చెబుతుంది, మారినట్టు నటిస్తాడు, అదను చూసి ఇంట్లో నగలన్నీ ఊడ్చుకుపోతాడు. కొత్తగా చేయించుకున్న ముక్కర పోయిందని ఆ అక్క ఏడుస్తుంది. ఆ అక్కకు కవి పేరైనా పెట్టలేదు, అయినా చదివినవాళ్లు ఆమెనూ ఆ ముక్కరనూ మరిచిపోరు. నీ కుర్రాడికి అన్నం పెట్టే పూటకూళ్లావిడ ఉంది చూడు, ఆమె దగ్గరే ఏదో పోవాలి. ఆ తరవాత వాడు ఆ ఇంటి గుమ్మం తొక్కగలడో లేదో నువ్వే చూసుకో.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. రెండో అధ్యాయంలో వీడు ‘పుట్టుకతోనే దొంగలైన తెగ’వాడని రాశావు. కల్పిత లోకమే కదా అంటావేమో. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని నేరస్థుడిగా లెక్కగట్టే చట్టం బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో ఉంచారు. 1952లో చట్టం రద్దయింది గానీ ఆ మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఊరి పిల్లలెవరైనా నీ నవల చదవొచ్చు. వీడికి దొంగతనం నేర్పింది ఒక మనిషి కావాలి, నెత్తురు కాదు. నేర్పినవాడు ఎందుకు నేర్పాడు, బదులుగా ఏం తీసుకుంటున్నాడు అన్నది రాస్తే నీకు రెండో అధ్యాయం దానంతటదే నిండుతుంది.

భాష గురించి పెద్దగా చెప్పను. వాడు అబద్ధమాడేటప్పుడు మాత్రం పొడుగు వాక్యాలు మాట్లాడించు, నిజం చెప్పేటప్పుడు తడబడనీ.

ముందు ఆ ఉంగరం గలావిడను పట్టుకో. ఆమె వైపు నుంచి ఒక అధ్యాయం రాసి పంపు, మిగతాది తరవాత చూద్దాం. సంతలో తాళాలు బాగుచేసే ముసలాయన్ని మాత్రం కదపకు, ఆయన ఒక్క మాటా వృథాగా అనడు. మీ పెద్దమ్మకు కూడా ఆయనే నచ్చాడు.

మీ పెద్దనాన్న