టీసీ లెటర్ మీ చేత్తో రాసివ్వకండి

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్లు. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదువుతున్నాడు, ఎల్‌కేజీ నుంచి అక్కడే. ఆటిజం ఉందని రెండేళ్ల క్రితం డాక్టరు చెప్పారు. రిపోర్టు ఉంది కానీ ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, అదే సదరం సర్టిఫికెట్, ఇంకా తీసుకోలేదు. బెల్లు మోగితే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరిపోతాడు, ఒక్కోసారి గట్టిగా అరుస్తాడు. మిగతా తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతున్నారట. "స్పెషల్ స్కూల్లో వేసుకోండి, లేదా క్లాసులో బాబు పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్‌ని మీ ఖర్చుతో పెట్టుకోండి. కుదరకపోతే నెలాఖరులోగా టీసీకి లెటర్ రాసివ్వండి" అంటున్నారు హెడ్మిస్ట్రెస్. మేం వెళ్లిపోవాల్సిందేనా?

జవాబు: అమ్మా, వెళ్లక్కర్లేదు. మిగతావి తర్వాత చెబుతాను గానీ, ముందు ఆ లెటర్ మాత్రం రాయకండి.

ఎందుకంటే, విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లవాడినీ స్కూలు నుంచి తీసేయకూడదు. ప్రైవేటు స్కూలైనా అంతే. ఈ సంగతి స్కూళ్లకి బాగా తెలుసు. అందుకే వాళ్లు తీసేయరు, మీ చేత రాయిస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక తండ్రి ఇలాంటి లెటర్ జిరాక్స్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. స్కూలు ఆఫీసులో కూర్చోబెట్టి, క్లర్కు చెబుతుంటే ఈయన రాశాడు. "వ్యక్తిగత కారణాల వల్ల మా పాపను వేరే స్కూల్లో చేర్పించదలిచాము" అని రెండే లైన్లు, కింద ఈయన సంతకం. పాపకి సరిగా వినపడదన్న సంగతి గానీ, స్కూలు వాళ్లే వెళ్లిపొమ్మన్నారన్న సంగతి గానీ అందులో ఒక్క ముక్క లేదు. ఫిర్యాదు చేస్తే అధికారి ఆ కాగితం చూసి, "మీరే కదండీ అడిగారు" అన్నాడు. ఆ రెండు లైన్ల వెనక జరిగింది నిరూపించేసరికి విద్యా సంవత్సరం గడిచిపోయింది. అన్నాళ్లూ పాప ఇంట్లోనే ఉంది.

మీకు అసలు బలం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. అందులోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా పిల్లల్ని చేర్చుకోవాలని, మిగతా పిల్లలతో కలిపి చదివించాలని, ఆ బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని సెక్షన్ 16 చెబుతుంది. ఆ సర్దుబాట్లు నిరాకరించడం కూడా వివక్షే అని చట్టంలోనే నిర్వచించారు. "ఇవన్నీ ప్రభుత్వం చూసుకోవాల్సినవి, మాకేం సంబంధం" అని స్కూలు తరఫు లాయరు వాదించొచ్చు. ప్రభుత్వ గుర్తింపుతో నడిచే స్కూలు అలా తప్పించుకోవడం కష్టమని నా అభిప్రాయం. ఒకవేళ మీది మైనారిటీ విద్యాసంస్థ అయితే విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఈ 2016 చట్టం మీదే నిలబడాలి.

సదరం సర్టిఫికెట్ లేదని భయపడకండి. ఈ 2016 చట్టంలోని సెక్షన్ 16కి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న లెక్క లేదు. ఆ లెక్క సెక్షన్ 31 కింద 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అడిగేటప్పుడు వస్తుంది. ఆ సెక్షన్ కిందే దగ్గర్లోని స్కూలా, స్పెషల్ స్కూలా అని ఎంచుకునే హక్కు కూడా ఉంది. ఎంచుకోవాల్సింది మీరు, హెడ్మిస్ట్రెస్ కాదు. ఎలాగూ అవసరమే కాబట్టి సచివాలయంలో సదరం స్లాట్ కోసం ఇప్పుడే అడగండి.

టీసీ లెటర్ బదులు ఇంకో లెటర్ ఇవ్వండి. బాబుకి ఏం కావాలో విడివిడిగా రాయండి: బెల్లుకి దూరంగా ఉండే సీటు, బెల్లు కొట్టే ముందు టీచర్ భుజం తట్టి చెప్పడం, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకోనివ్వడం, గొడవగా అనిపించినప్పుడు పది నిమిషాలు కూర్చోవడానికి ఒక మూల. వీటిలో ఏదీ స్కూలుకి భారం కాదు, అధికారి చూసినా ఒప్పుకుంటాడు. డాక్టరు రిపోర్టు కాపీ జతచేయండి. రెండో కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. వాళ్లు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. నోటిమాటగా టీసీ అడిగితే, "మీరు చెప్పింది డైరీలో రాయండి మేడమ్" అని మర్యాదగా అడగండి.

షాడో టీచర్ జీతం ఎవరివ్వాలన్నది చట్టంలో ఇంత స్పష్టంగా రాసి లేదు, ఆ మాట దాచను. కానీ ఆ ఖర్చు మీరు పెట్టుకుంటేనే సీటు ఉంటుందని షరతు పెట్టడం తప్పు. స్పెషల్ టీచర్ల గురించి 2021లో సుప్రీంకోర్టు ప్రైమరీలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు ఉండాలంది. మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచర్లకి కూడా బాబుని ఒకసారి చూపించండి, క్లాసులో ఏం చేయాలో వాళ్లు చెప్పింది మీ లెటర్‌కి బలం.

మిగతా తల్లిదండ్రుల అభ్యంతరం మీ బాబుని పంపించేయడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఫిర్యాదు ఇచ్చి జిల్లా విద్యాధికారికి (డీఈఓ) కాపీ పంపండి. అక్కడా కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయండి. ఆయనకి సాక్షుల్ని పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారాలు ఉన్నాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

ఒకవేళ ఇది చదివేసరికే టీసీ లెటర్‌పై సంతకం పెట్టేసి ఉంటే, ఆలస్యం చేయకండి. "మీ ఒత్తిడి వల్ల రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను" అని తేదీ వేసి, రిజిస్టర్‌లో బాబు పేరు కొట్టేయకముందే అందేలా ఇచ్చి రండి.