ఈజిప్టు సినిమాల్లో ధనవంతుడు చనిపోగానే బాబాయి వాటా అడుగుతాడెందుకు?

కూతురు ఉండగా తమ్ముడికి ఆస్తేంటని మనకు డౌట్ వస్తుంది కానీ, అది కథ కోసం కల్పించింది కాదు. 1943 నాటి 77వ నంబరు వారసత్వ చట్టం ప్రకారం, భార్య, ఒక్క కూతురు మాత్రమే మిగిలితే భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి సగం, తల్లిదండ్రులు కూడా లేకపోతే మిగతాది చనిపోయినవాడి తోబుట్టువులకు పోతుంది. అదే కొడుకుంటే ఆ తోబుట్టువులకేమీ రాదు. పోనీ వీలునామా రాద్దామన్నా మూడో వంతు దాటితే వారసులు ఒప్పుకోవాలి. అందుకే కొందరు తండ్రులు బతికుండగానే కూతురికి అమ్మినట్టు కాగితాలు రాస్తారు, తండ్రి పోయాక ఆ అమ్మకం నిజమా కాదా అని మిగతా వారసులు కోర్టుకెక్కుతారు. ఇంతకన్నా నాకు బాధ కలిగించేది, అన్నలే చెల్లెలి వాటా ఎగ్గొట్టడం. కావాలని అలా ఆపితే జైలుశిక్ష అని 2017లో చట్టంలో చేర్చారు.