యాంగ్‌బాన్ ఇళ్ల వంటల్లో కారం ఉండేదా?

కొరియాలో జోసన్ రాజుల కాలంలో (1392–1910) యాంగ్‌బాన్ కుటుంబాలు, అంటే ఉద్యోగాలూ భూములూ ఉన్న పండిత కుటుంబాలు, ఏమి తినేవో, ఆ వంటలు ఇప్పటి కిమ్చీలా, అంటే కూరగాయలు పులియబెట్టి చేసే పచ్చడిలా, ఎర్రగా, కారంగానే ఉండేవో అని అడిగారు. పరిశోధన పని మీద నేను దేగు నగరంలో రెండేళ్లు ఉన్నాను. సెలవు దొరికితే చాలు, ఆందోంగ్, గ్యోంగ్‌జు వైపు పాత ఊళ్లకు వెళ్లేవాణ్ణి. అక్కడ చూసినదీ తిన్నదీ ఆధారంగా చెబుతున్నాను.

చాలాకాలం కారం లేదు. మిరపకాయ కొరియాకు చేరిందే పదహారో శతాబ్దం చివర్లో. 1670 ప్రాంతంలో జాంగ్ గ్యే హ్యాంగ్ అనే యాంగ్‌బాన్ ఇల్లాలు రాసిన వంటల పుస్తకం ‘ఉమ్‌శిక్ దిమిబాంగ్’లో 146 వంటకాలున్నాయి. ఒక్కదానిలోనూ మిరపకాయ లేదు; ఘాటు కావాలంటే మిరియాలు, అల్లం, ఆవాలు. ఆ 146లో 50కి పైగా మద్యం తయారీ పద్ధతులే. ఒక గృహిణి ఇంతగా మద్యం గురించి రాయడమేమిటని మొదట నాకూ అనిపించింది. కారణం ఆ ఇళ్ల ధర్మంలోనే ఉంది. యాంగ్‌బాన్ ఇంటి పెద్దకోడలికి రెండు బాధ్యతలు: పితృకార్యాలు జరిపించడం, వచ్చిన అతిథికి లోటు రానివ్వకపోవడం. రెంటికీ మద్యం ఉండి తీరాలి, అదీ ఇంట్లో కాచినదే.

ఆందోంగ్ దగ్గర ఒక పాత ఇంట్లో రెండు రాత్రులు బస చేశాను. మగవాళ్లు అతిథులతో కూర్చునే సావడి ముందువైపు, ఆడవాళ్ల లోగిలి వెనుకవైపు. సావడికి ఎందరు వచ్చారో, ఎన్నాళ్లు ఉంటారో లోపలివాళ్లకు ముందుగా తెలిసేది కాదట. అందుకే పెరట్లో ఆ జాడీల వరస! సోయా గింజలను ఉడికించి, దంచి, ముద్దలు చేసి, గడ్డితో కట్టి వేలాడదీస్తారు. అవి పులిశాక ఆ జాడీల్లో ఉప్పునీళ్లు పోసి నానబెడితే, నీరు సోయా సాస్ అవుతుంది, ముద్ద ద్వెన్‌జాంగ్ అనే పులిసిన సోయా ముద్ద అవుతుంది. ఇది నెలల తరబడి సాగే పని. జాడీలో సరుకు ఉంటే ఏ వేళకు ఎవరు వచ్చినా ఇంత అన్నం పెట్టవచ్చు. వైభవమంటే పళ్లెంలో ఎన్ని రకాలున్నాయని మనం చూస్తాం. నాకు మాత్రం అసలు వైభవం ఆ జాడీల్లోనే కనిపించింది.

భోజనం అందరూ కలిసి ఒకే బల్ల దగ్గర చేసేవారు కాదు. పెద్దలకు, అతిథులకు ఒక్కొక్కరికి ఒక చిన్న బల్ల, దాన్ని సోబాన్ అంటారు, వంటింట్లోనే సర్ది మోసుకొచ్చేవారు. పెద్దలు తినగా మిగిలినది తరవాతి వాళ్లకు, చివరకు పనివాళ్లకు వెళ్లేది. మనకు అది ఎంగిలి. అక్కడ మాత్రం వెనకవాళ్లు ఉన్నారని తెలిసి పెద్దలు కొంత మిగల్చడమే మర్యాద. ఈ తేడా నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. వండినవాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆఖరున తినేవారు.

గొడ్డుమాంసం సంగతి కూడా అడిగారు. దుక్కిటెద్దులు తగ్గిపోతాయని ప్రభుత్వం వధను పదేపదే నిషేధించింది. అయినా యాంగ్‌బాన్లు తింటూనే వచ్చారు.

అందరూ తమ పొట్టే చూసుకున్నారని అనుకోకండి. గ్యోంగ్‌జు చోయె వంశం ఇంట్లో నూరు ‘లీ’ల లోపల (‘లీ’ అక్కడి పాత దూరపు కొలత), అంటే సుమారు 40 కిలోమీటర్లలో, ఎవరూ ఆకలితో చావకూడదనేది తరతరాల కట్టుబాటు. ఆ ఇల్లూ ధాన్యపు కొట్టూ ఇప్పటికీ ఉన్నాయి, చూడవచ్చు.

ఆ పాత రుచి తెలుసుకోవాలంటే ఆందోంగ్‌లో హొత్‌జేసాబాప్ అడగండి. పితృకార్యపు భోజనాన్ని కార్యం లేకుండానే వండి పెడతారు: అన్నం, ఉడికించిన ఆకుకూరలు, ముల్లంగి చారు, చేప, మాంసం. అందులో మిరపకాయ, వెల్లుల్లి ఉండవు. మా ఇంట్లో తద్దినానికీ మిరపకాయ బదులు మిరియాలే వేస్తారు కాబట్టి మొదటి ముద్దకే ఆ రుచి తెలిసినట్టు అనిపించింది. నేను శాకాహారిని, చేప, మాంసం వద్దంటే వాళ్లు కూరలు ఇంకొంచెం ఎక్కువ వడ్డించారు. కలుపుకోవడానికి సోయా సాస్ ఇస్తారు. దానితోనే తినండి, ఎర్ర మిరప ముద్ద అడగవద్దు.