అరిసెల పిండి దగ్గర వాడికీ ఒక పీట వేయండి

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మా అత్తగారు మాతోనే ఉంటారు. పసిపిల్లలకు చేతులతో తాకి, తడిమి ఆడే ఆటలు మంచివని విని, సంక్రాంతికి ముందుగా రంగు కలిపిన బియ్యం, శనగలు, పూసలు వేసి ఒక పెద్ద పళ్లెం సిద్ధం చేశాను. వాడు పట్టుమని ఐదు నిమిషాలు కూడా ఆడలేదు. బియ్యం ఇల్లంతా చల్లి, ఒక శనగగింజ నోట్లో పెట్టుకున్నాడు. ‘తినే బియ్యాన్ని కాళ్లతో తొక్కిస్తావా’ అని అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావారు ఎవరి వైపూ మాట్లాడరు. ఫోన్ ఇస్తే తప్పు, ఆడిస్తే గొడవ. ఈ పండగకు నేనేం చేయాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ముందుగా ఆ ఐదు నిమిషాల సంగతి చెబుతాను. ఇరవై నెలల పిల్లవాడు ఒకే వస్తువుతో ఐదు నిమిషాలు గడిపాడంటే, ఆ వయసుకు అది తక్కువేమీ కాదు. గిన్నెలోంచి తీసి పారబోయడం, మళ్లీ నింపడం, మళ్లీ పారబోయడమే వాడికి ఆట. బియ్యం ఇల్లంతా చల్లడాన్ని మీరు అల్లరిగా చూశారు గానీ, వాడు మాత్రం చేతిలోంచి జారే గింజలు ఎంత దూరం పోతాయో, కింద పడితే ఎలా చప్పుడవుతాయో చూసుకుంటున్నాడు.

అయితే ఆ పళ్లెంలో వేసిన శనగలు, పూసల విషయంలో మిమ్మల్ని సమర్థించలేను. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో దూరిపోయే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడవచ్చునన్న లెక్కతోనే బొమ్మల తయారీకి భద్రతా ప్రమాణాలు పెట్టారు. శనగగింజ అంతకంటే ఎంతో చిన్నది. ముక్కులో దూరితే అక్కడి తడికి నాని ఉబ్బుతుంది కూడా. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు మరీ ప్రమాదం, మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. అవి ఇంట్లో ఉంటే ఈరోజే తీసివేయండి.

ఇక మీ అత్తగారి మాట. ఆమె కోపం మీ మీద కంటే బియ్యం వృథా కావడం మీద అని నాకు అనిపిస్తోంది. ఏడాది పంట ఇంటికి వచ్చిన పండగనాడు కొత్త బియ్యాన్ని కళ్లకద్దుకునే అలవాటున్న మనిషికి, అదే బియ్యం రంగు నీళ్లలో ముంచి నేలమీద పోయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. అలాగని ఆమె ఆటకు వ్యతిరేకమని అనుకోకండి. మీరు కష్టపడి కొనితెచ్చి, ఏర్చి, రంగులద్ది పళ్లెంలో పేర్చినవన్నీ ఆ నాలుగు రోజులూ ఆమె వంటింట్లో పని రూపంలో ఉంటాయి. పిల్లవాడికోసం వేరే పళ్లెం సర్దడం మానేసి, వాడిని ఆ పని దగ్గర కూర్చోబెట్టమన్నదే నా సలహా.

అరిసెలకు నానబెట్టిన బియ్యాన్ని ఆడించి తెచ్చిన తడిపిండిని గమనించారా? చల్లగా, మెత్తగా ఉంటుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్దవుతుంది, వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది. అత్తగారు పిండి పదును చూసేటప్పుడు ఒక పిడికెడు వాడి చేతిలోనూ పెట్టమనండి. వాడు నొక్కి చేయి తెరిస్తే నాలుగు వేళ్ల అచ్చులూ ముద్దమీద కనిపిస్తాయి. కొన్న బొమ్మ ఏదీ నా ఎరుకలో అంత అందంగా లేదు. పచ్చిపిండి తిననివ్వకుండా పక్కనే ఉండి, ఆట అయ్యాక చేతులు కడిగితే చాలు. పాకం పట్టేటప్పుడు, నూనె పొయ్యిమీద ఉన్నప్పుడు మాత్రం వాడు వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. ఆ గంట వాడిని ఎత్తుకుని తిప్పే పూచీ మీవారిది. ఎవరి వైపూ మాట్లాడని ఆయనకు ఈ పని అప్పగించడంలో నాకేమీ మొహమాటం లేదు.

బియ్యం కడిగేటప్పుడు బేసిన్‌లో వాడి చేతులూ ముంచనివ్వండి. తెల్లబడ్డ ఆ నీళ్లను చెంబుతో కుండీల్లోని మొక్కలకు పోయించండి. గింజ వృథా కాదు, అత్తగారికీ అభ్యంతరం ఉండదు. కాసిని నీళ్లలోనైనా పసివాడు మునిగే ప్రమాదం ఉంది కనుక, బేసిన్ దగ్గర వాడిని వదిలి ఫోన్ ఎత్తడానికి కూడా లేవకండి.

ముగ్గుకు బియ్యప్పిండే వాడండి. అంగట్లో అమ్మే ముగ్గుపిండి చాలావరకు రాతిపొడి. కళ్లలో పడితే మంట, పీల్చినా మంచిది కాదు. చీమలకూ పిచ్చుకలకూ మేత అవుతుందనే కదా మన పెద్దలు బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది! ఈ మాట అత్తగారితో మీరు అనకండి, ఆమెనే అడిగి చెప్పించుకోండి. వాడు ముగ్గుమీద అరచేయి వేసి చెరిపితే, ఆ మూల వాడి ముగ్గు అనుకోండి. గొబ్బెమ్మలు పెట్టే అలవాటుంటే, వాడికి పేడకు బదులు చపాతీ పిండి ముద్ద ఇచ్చి, గుమ్మడిపువ్వో బంతిపువ్వో గుచ్చనివ్వండి. బంతిరేకులు తుంచడం ఈ వయసు వేళ్లకు సరిగ్గా సరిపోయే పని. వరికంకి ఒకటి చేతికిచ్చి గరుకు చూపించండి, కానీ దాని ముల్లు కంటికి తగలకుండా పట్టుకోండి.

భోగిపళ్ల దగ్గర జాగ్రత్త అవసరం. రేగిపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, ఇవన్నీ ఒక్కసారిగా వాడి ఒళ్లో పడతాయి. వేడుక మానవలసిన పని లేదు. తలమీద పోసేటప్పుడు పూలరేకులు ఎక్కువగా, రేగిపళ్లు పేరుకు నాలుగు ఉంచి, శనగలూ నాణేలూ వదిలేయమని అత్తగారిని ముందురోజే అడగండి. అందరి ముందు అడిగితే అది మరో గొడవ. హారతి అయిన వెంటనే దుప్పటి నాలుగు కొసలూ కలిపి ఎత్తేయండి.

తడి తగిలితే వాడు చేయి వెనక్కి లాక్కుంటే బలవంతం చేయవద్దు. గరిటె ఇచ్చి కలపమనండి, మర్నాడు చూడవచ్చు. స్నానం, తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, ఇలా ఏది తాకినా రోజూ గుక్కపెట్టి ఏడుస్తున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించండి.

ఫోన్ గురించి కూడా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది పిల్లలకు తెర వద్దనీ, రెండేళ్లు నిండాక గంటకు మించవద్దనీ ఉంది. మీకు ఆఫీసు మీటింగ్ ఉన్న వేళ పది నిమిషాలు చూశాడని కుమిలిపోకండి. ఈ భోగి ముందురోజు మాత్రం, మీటింగ్ వేళకు అత్తగారి దగ్గర ఒక చిన్న పీట వేసి, ‘అత్తయ్యా, వీడికి కొంచెం తడిపిండి ఇస్తారా’ అని అడిగి చూడండి.