కుమ్మరి పురుగా, సాలీడు కందిరీగా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. కిటికీ రెక్క వెనక ఒక పురుగు మట్టిగూడు కట్టింది. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద పసుపు, దారంలాంటి నడుము. మా నాయనమ్మ దాన్ని ‘కుమ్మరి పురుగు’ అంటుంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లిషు పేరును మాటకు మాట మార్చి ‘సాలీడు కందిరీగ’ అని ప్రాజెక్టులో రాసింది. ‘ఇది సాలీళ్లను చంపి గూట్లో దాస్తుంది’ అని కూడా చేర్చింది. ఏ పేరు సరైనది? కందిరీగకూ కందికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: మీ నాయనమ్మ మాటలో తప్పు లేదమ్మా. దయాగుణం కొంచెం ఎక్కువ, అంతే. రెండు మూడు రకాల పురుగులను ఒకే కప్పు కింద ఉండనిస్తుంది. దిద్దవలసింది మీ అమ్మాయి మాటనే.

తెలుగులో రెండు ప్రాణుల పేర్లు పక్కపక్కన పెడితే మొదటిది సాధారణంగా పోలిక చెబుతుంది. పందికొక్కు పందిని తినే కొక్కు కాదు, పందిలా బలిసిన కొక్కు. పాముచేప పామును పట్టదు, పాములా సాగి ఉంటుంది. ఆ లెక్కన ‘సాలీడు కందిరీగ’ అంటే సాలీడులా కనిపించే కందిరీగ అనే తెలుగువాడి చెవికి తోస్తుంది. చేసే పని చెప్పాలంటే పనిమాట ఉండాలి. పులివేట, కుందేలువేట అంటున్నాం కదా, అలాగే ‘సాలీడువేట కందిరీగ’ అనవచ్చు. పిల్లల పుస్తకంలోనైతే ‘సాలీళ్లను వేటాడే కందిరీగ’ అని విడమరచి రాస్తే ఇంకా మంచిది. సాలెగూడు అంటున్నాం కదా అని ‘సాలెవేట’ అని మాత్రం కుదించకండి. పోచంపల్లి, గద్వాల మగ్గాల వాళ్లు ఉలిక్కిపడతారు! సాలీడు అంటేనే సాలెవాడు, నేతగాడు. సంస్కృతంలోనూ ఇదే పోలిక ఉంది. ‘తంతువాయ’ శబ్దాన్ని అమరకోశం ఒకచోట నేతపనివాడికి చెప్పి, మరోచోట సాలీడుకూ చెప్పింది.

ఇక పురుగు సంగతి. పల్లె పేరు పనిని చూసి పుడుతుంది, శాస్త్రజ్ఞుడి పేరు వంశాన్ని చూసి పుడుతుంది. సాలీళ్లను వేటాడే పని ఒక్క వంశానిదే కాకపోవడం వల్ల మీ ఇంట్లో ఈ తగవు వచ్చింది. పాంపిలిడే అని ఒక కుటుంబం ఉంది, అందులో సుమారు 5,000 జాతులు. సాలీడువేట కందిరీగలని శాస్త్రజ్ఞులు ముఖ్యంగా పిలిచేది వీటినే. వీటి పద్ధతి ఒక పిల్లకు ఒకే సాలీడు. తనకన్నా బరువైన సాలీడును పట్టుకుని, వెనక్కి నడుస్తూ నేల మీద ఈడ్చుకుపోయే పొడుగుకాళ్ల కందిరీగను చేనుగట్ల మీద చూసే ఉంటారు. చాలావరకు నేలలో బొరియ చేసి అందులోకి దించుతుంది.

మీ కిటికీ వెనక ఉన్నది అది కాదనుకుంటాను. దారంలాంటి నడుము, మట్టిగూడు చెబుతున్నదాన్నిబట్టి అది స్ఫెసిడే కుటుంబంలోని స్కెలిఫ్రాన్ ప్రజాతిది. పొడుగు గదులను పక్కపక్కన కట్టి, ఒక్కో గదిలో చిన్నచిన్న సాలీళ్లను చాలా కుక్కుతుంది. తర్వాత అన్నిటినీ కలిపి పైన మట్టి మెత్తుతుంది. నన్నడిగితే ఇది కుమ్మరి కాదు, తాపీమేస్త్రీ. అసలు కుమ్మరితనం మూడో రకానిది. అది మెడ ఉన్న చిట్టిముంతలాంటి గూడు కట్టి, సాలీళ్లకు బదులు ఆకుపురుగులను నింపుతుంది. పైగా మట్టిలో తిరిగినా మట్టి అంటనిదని వేదాంతులు చెప్పే కుమ్మరి పురుగు వేరే ఉంది. అందువల్ల ఇంట్లో నాయనమ్మ మాటే వాడుకోండి, ప్రాజెక్టులో మాత్రం కింద శాస్త్రనామం రాయించండి. అన్నట్టు, ఈ ప్రజాతిలో మన దేశంలో కనిపించే ఒకదానికి 1781లో ఫాబ్రిషియస్ అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు ‘మద్రాస్పటానం’ అని పేరు పెట్టాడు. లాటిన్ తొడుగు తీస్తే లోపల మన మద్రాసుపట్నమే. మా నల్లగొండలో పట్నమంటే హైదరాబాదే అనుకోండి.

‘చంపి దాస్తుంది’ అన్న మాటను కొట్టేయించండి. నిరుడు మా ఇంట్లో పాత క్యాలెండరు తీస్తుంటే వెనకున్న మట్టిగూడు పెళ్లలుగా రాలింది. ఒక గదిలోంచి పదకొండు సాలీళ్లు బల్ల మీద పడ్డాయి, అన్నీ కాళ్లు ముడుచుకుని. చచ్చాయనుకుని కాగితం మీదికి తోస్తుంటే ఒకదాని కాలి కొస సన్నగా వణికింది. కందిరీగ కుట్టింది చంపడానికి కాదు, కదలకుండా చేయడానికి. చచ్చిన సాలీడు కుళ్లిపోతుంది, పిల్లకు తాజా ఆహారం కావాలి. దీనికి మనకు ఎంత చక్కటి క్రియ ఉందో చూడండి: ‘చచ్చుబడు’. చావు మాట ఉంది, చావు లేదు. ‘సాలీళ్లను కుట్టి చచ్చుబడేలా చేసి గూట్లో పెడుతుంది’ అని రాయమనండి.

కందికీ కందిరీగకూ చుట్టరికం లేదు. కంది, ఈగ కలిస్తే కందీగ కావాలి, నడుమ ‘రి’ ఎక్కడిది? కణుదురీగ అనే రూపం కూడా తెలుగులో ఉంది. కన్నడంలో కణజ, మలయాళంలో కడన్నల్ అంటారు, ఇవన్నీ ఒక ఇంటివే. చివరి ‘ఈగ’ను కూడా మరీ నమ్మకండి. ఈగకు, జోరీగకు రెండే రెక్కలు. తేనెటీగకు, కందిరీగకు నాలుగు. ఎగిరి ముసిరేదాన్నల్లా మనవాళ్లు ఈగను చేశారు. ‘పురుగు’ కథ ఇంకా పెద్దది. పాము కరిచినా ‘పురుగు ముట్టింది’ అనేవాళ్లున్నారు.

మీరు అడగకపోయినా ఒక మాట. భ్రమరకీటక న్యాయం ఈ గూటి ముందు పుట్టిందే. తుమ్మెద పురుగును తెచ్చి గోడగూట్లో పెట్టి చుట్టూ ఝంకారం చేస్తే, ఆ పురుగు భయంతో తుమ్మెదనే తలచుకుని తుమ్మెదగా మారుతుందని చెబుతారు. గూడు కట్టి పురుగును పెట్టేది తుమ్మెద కాదు, కందిరీగే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన ఇరవైనాలుగు గురువుల వరసలో సాలీడు ఇరవైమూడోది, ఈ గూటి పురుగు ఇరవైనాలుగోది. ఎరా, వేటగాడూ పక్కపక్కనే! చూసినవాళ్లు చూసిందే చెప్పారు: లోపలికి వెళ్లింది ఒకటి, బయటికి వచ్చింది మరొకటి. వాళ్ల కంటికి అందనిది సాలీడు ఒంటికి అంటించిన గుడ్డు ఒక్కటే.

గూటికి గుండ్రటి కన్నం పడిందంటే పిల్ల ఎగిరిపోయినట్లే. అంతదాకా కిటికీ రెక్కను గట్టిగా వేయవద్దని నాయనమ్మకు కూడా చెప్పండి.